వరిగడ్డి కాగితం, వాగు నీళ్లు

భద్రాచలం వెళ్లిరాని ఇల్లు మా వైపు ఉండదు. కాబట్టి గుడి గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. కానీ ఈసారి దారిలో ఒక రేకుల షెడ్డు దగ్గర, ఒక వాగు దగ్గర ఆగాను. అక్కడికి మీలో ఎవరూ వెళ్లి ఉండరు. వెళ్లొచ్చినప్పటి నుంచి ఎవరికైనా చెప్పుకోవాలని ఉంది. అందుకే రాస్తున్నాను.

కొన్నేళ్లుగా నేను రామకోటి రాస్తున్నాను. పుస్తకాలు నిండినప్పుడల్లా భద్రాచలం తీసుకెళ్లి స్వామి సన్నిధిలో అప్పగించి రావడం మా ఇంటి ఆనవాయితీ. ఈసారి చిన్న కోరిక కలిగింది. చివరి నామాలను మా చెల్లెలు వనజ చేసిన కాగితం మీద రాసి, ఆ కాగితాలను పుస్తకం చివర కుట్టి ఇవ్వాలని. వనజ ఉండేది చండ్రుగొండ దగ్గర ఒక పల్లెలో. కొందరు ఆడవాళ్లను కూడగట్టుకుని వరిగడ్డితో కాగితం చేస్తోంది. "చెట్టు కొట్టకుండ కాగితం అక్కా, నీ రాముడు అడవిల తిరిగినోడు గద, సంతోషపడ్తడు" అని ఫోన్‌లో ఎప్పుడూ అనేది. ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

తల్లాడలో పొగ

బయలుదేరిన రోజు పొద్దున్నే మా ఊరి చుట్టూ పొగ. యాసంగి వరి కోతలు అయిపోయాయి. మిషను కోసిన మడిలో గడ్డి చిందరవందరగా పడి ఉంటుంది. దాన్ని ఏరి కట్ట కట్టే ఓపిక ఎవరికీ లేదు, తినే పశువులూ లేవు. అగ్గిపుల్ల గీస్తే పని అయిపోతుంది. మా అత్తగారు ఉన్న రోజుల్లో గడ్డిపోచ కాలి కింద పడితే పక్కకు తీసి పెట్టేది, గోవు నోటికాడిదని. ఆమె ఇప్పుడు లేకపోవడం ఒక రకంగా మంచిదే అనుకుంటూ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బస్సెక్కాను.

నా చేతిలో పెద్ద మూట. అందులో ఇంటిల్లిపాది పాత నూలు చీరలు. గడ్డి నార పొట్టిదట, ఒక్క గడ్డితోనే చేస్తే కాగితం మడత దగ్గర విరిగిపోతుందట. నూలు పీలికలు కలిపితే పట్టు వస్తుందని వనజ తెమ్మంది.

కండక్టరు మూటను చూసి ఆగాడు. "ఏందమ్మా, దుకాణం మొత్తం ఎత్తుకొచ్చినవ్. టికెట్ నీకు ఫ్రీ గానీ మూటకు గాదు."

"పాత చీరలు నాయనా. కాగితంలో కలపడానికి."

"చీరల్తోటి కాగితమా? మా ఇంటామెకు మాత్రం చెప్పకు. బీరువ ఖాళీ చేసి కొత్తయి కొనమంటది."

బస్సంతా నవ్వారు. మూటకు డబ్బులు అడగలేదు. మనసులోనే అతనికి దండం పెట్టుకున్నాను. నాకు అదొక అలవాటు. రోజంతా ఎవరు ఏ మేలు చేసినా గుర్తు పెట్టుకుని, సాయంత్రం దీపం ముందు ఒక్కొక్కరినీ తలుచుకుంటాను.

బొగ్గు లారీల దారి

సత్తుపల్లి రోడ్డు మీద మధ్యలో దిగి కొత్తగూడెం వైపు పోయే బస్సు మారాను. పక్క సీట్లో కూర్చున్నావిడ కిటికీ మూసేసి, బొగ్గు లారీల నుంచి చీర చెంగు మీద రాలిన నుసి దులుపుకుంది. భర్త సత్తుపల్లి ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డ్యూటీ చేస్తాడట, సొంతూరు మంచిర్యాల దిక్కు. దగ్గు తగ్గక కొత్తగూడెం దవాఖానాకు పోతోంది.

"పెరుగు తోడేసి మూత పెట్టినా పొద్దుగాలకు పైన నల్లగ కడ్తది పెద్దమ్మా. గరిటెతోటి తీసేసి తింటం. ఏం జేస్తం, ఆ బొగ్గే అన్నం పెట్టవట్టె."

డబ్బా తెరిచి సర్వపిండి ముక్క పెట్టింది. మా తల్లాడ వైపు ఇది ఎవరూ చేయరు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు కలిపి గిన్నెకే ఒత్తి కాలుస్తారట. అడుగు మాడిన చోట మరీ రుచిగా ఉంది. నేను అరటిపండు ఇచ్చాను. మూట సంగతి అడిగితే గడ్డి కాగితం గురించి చెప్పాను. శ్రద్ధగా విన్నది.

"మరి దాని మసి యాడికి పోతది?" అంది.

"మసి ఏముంటదమ్మా, గడ్డే కదా. ఉడకబెట్టి కడుగుతారు, అంతే. నీళ్లే."

"గట్లనా. అయితే మంచిదే" అని కళ్లు మూసుకుంది. దగ్గు వచ్చినప్పుడల్లా నా చేయి పట్టుకునేది. కొత్తగూడెం ఇంకా దూరం ఉందనగా నేను దిగిపోయాను. ఆమె పేరు అడగడం మరిచిపోయాను.

చండ్రుగొండ దగ్గర షెడ్డు

వనజ చిక్కిపోయింది. నవ్వింది గానీ మూట అందుకుంటూ నా మొహం వైపు చూడలేదు. దాని భర్త పామాయిలు తోటల పని మీద దమ్మపేట వైపే ఉంటాడు, వారానికోసారి వస్తాడు. ఆ సాయంత్రం మామిడికాయ పప్పు, వేయించిన చల్లమిరపకాయలు పెట్టింది. కడుపు నిండా తిన్నాను. అది మాత్రం కంచంలో వేలితో గీతలు గీస్తూ కూర్చుంది.

"ఏందే, ఒంట్లో బాగలేదా?"

"బాగనే ఉన్న. ఆర్డరు నెత్తి మీదుంది, అంతే."

మర్నాడు షెడ్డు చూపించింది. ఇంటి వెనక నీలగిరి తోట దాటితే రేకుల కప్పు. ఒక పక్క తాటిచెట్టంత గడ్డివాము, దాని మీద టార్పాలిన్. గడ్డిని మిషను మీద బెత్తెడు ముక్కలుగా కోస్తారు. రాత్రంతా నానబెడతారు. పెద్ద ఇనుప డ్రమ్ములో మందు కలిపి ఉడకబెడతారు. ఉడికిన గడ్డిని చేత్తో నలిపితే కుళ్లిన అరటి దవ్వలా జారిపోవాలి. అప్పుడు సిమెంటు తొట్టిలో వేసి కడగడం. ఎంత కడిగినా మొదట్లో టీ డికాక్షనే వస్తుంది. నీరు తేటపడేదాకా కడిగి, నూలు పీలికల గుజ్జు కలిపి మిషన్‌లో చిలుకుతారు. ఆ పలచటి గంజిలో సన్నటి జల్లెడ చట్రం ముంచి, అడ్డంగా, నిలువుగా ఒక్కసారి ఊపి పైకి తీస్తే నీరు కారిపోయి జల్లెడ మీద తడి పొర మిగులుతుంది. దాన్ని బట్ట మీదికి దించి, ఒత్తి, తీగ మీద ఆరేస్తారు. అదే కాగితం.

వరిగడ్డి గుజ్జు నీటిని తొందరగా వదలదట. అందుకే చట్రం పట్టే చేతికి ఓర్పు కావాలి. ఆ పనిలో అందరికన్నా నేర్పు నాగమ్మదని వనజ చెప్పింది. నాగమ్మ, ఆమె కోడలు వాగు కిందనున్న కోయగూడెం నుంచి నడిచి వస్తారు. ఆ రోజు ఇద్దరూ రాలేదు.

"తునికాకు కోతకు పోయిండ్రేమో" అంది వనజ, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

మొదటి కాగితాలు చూపించింది. పండిన వరి రంగు. పొట్టి పొట్టి కణుపుల మచ్చలు. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాన పడిన మర్నాటి గడ్డివాము వాసన. నేను బడికి పోలేదు. బడి వాగు అవతల ఉండేది, ఆడపిల్లను పంపలేదు. మా అమ్మే నేర్పింది. ఇంట్లో పుస్తకాలు లేవు కనుక గూట్లో దాచిన శుభలేఖలు తీసి, వాటి మీద వేలు పెట్టించి అక్షరాలు చదివించింది. ఆ శుభలేఖల అంచులకు పూసిన పసుపు నా వేలికి అంటేది. ఈ కాగితానికి పసుపు పూయనక్కరలేదు. పట్టుకోగానే అమ్మ గుర్తొచ్చింది.

"ఇట్లాగే శుభలేఖలు చేయొచ్చు కదే" అన్నాను.

"చేసినక్కా. కొత్తగూడెంల కార్డులు కొట్టేటాయన వాపస్ ఇచ్చిండు. లగ్గం పత్రిక అంటే తెల్లగుండాలె, ఇది గోనెసంచి లెక్కున్నదన్నడు. మూఢం పోయింది, లగ్గాలు మొదలైతున్నయి, తెల్లగిస్తె ఎంతైన తీస్కుంటనన్నడు." కాగితాన్ని మళ్లీ దొంతర మీద పెట్టింది. "అందుకే సున్నం బంద్ పెట్టిన. కాస్టిక్ సోడా తెచ్చిన. బ్లీచింగు తెచ్చిన."

సున్నంతో ఉడికిస్తే రోజంతా పడుతుంది, రంగు పోదు. సోడాతో పూట చాలు. అయితే సోడా జిగట వదలడానికి ఎన్నో రెట్లు నీళ్లు పోసి కడగాలి. ఆ నీళ్లన్నీ షెడ్డు వెనక గుంటలోకి పోతాయి. ఆ గుంట సున్నం రోజుల్లో తవ్వింది. సోడాకు సరిపోదన్న లెక్క ఎవరికీ తట్టలేదు. గుంట అంచుదాకా నిండి ఉండగా మొన్న ఒక అకాల వాన పడింది. గట్టు తెగింది.

"మళ్ల మట్టిపోసి కట్టిన అక్కా. జరంతనే పోయింది."

"ఎక్కడికి పోయిందే?"

వనజ డ్రమ్ము కింది కట్టెలు సర్దింది.

గూడెం

నాగమ్మ ఎందుకు రాలేదో కనుక్కుందామని ఆ పూటే ఇద్దరం గూడేనికి నడిచాం. ఇప్పపూలు రాలే కాలం చివర. చెట్ల కింద వాడిన పూల తీపి వాసన. వాగులో పారే నీరు లేదు, అంతా ఇసుకే. వేసవిలో ఆ ఇసుకలోనే చెలమలు తీసి, ఊరిన నీటిని చిప్పతో తోడుకుంటారు. మా చిన్నప్పుడు మా ఊరి వాగులోనూ అంతే. ఆ నీటి చలువ ఏ ఫ్రిజ్జు నీటికీ రాదు.

మొదటి చెలమ దగ్గరే ఆగిపోయాను. నీరు గోధుమ రంగులో ఉంది. అంచున నురగ. వేలు ముంచితే సబ్బులా జారింది. ఇంకాస్త కిందికి, మడుగులో మిగిలిన కాసిని నీళ్లలో చిన్న చేపలు వెల్లకిలా తేలి ఉన్నాయి. వనజ వాటిని చూసి కూర్చుండిపోయింది. దాని వీపు నిమురుతూ నిలబడ్డాను. 'నీళ్లే' అని బస్సులో నేను అన్న మాట చెవుల్లో తిరిగింది.

నాగమ్మ ఇల్లు గూడెం మొదట్లోనే. మమ్మల్ని చూసి లేచి మంచం వాల్చింది. చుట్టుపక్కల నుంచి నలుగురైదుగురు వచ్చి నిలబడ్డారు. వాళ్ల భాషలో ఏదో అనుకున్నారు, నాకు అర్థం కాలేదు. నాగమ్మ కోడలు లోపలికి వెళ్లి రెండు స్టీలు గ్లాసుల నిండా నీళ్లు తెచ్చి మా చేతికిచ్చింది. ఇంటికొచ్చిన వాళ్లకు ముందు నీళ్లు. మా ఇంట్లోనైనా అంతే.

వనజ గ్లాసులోకి చూసింది. వెలుతురు వైపు కొంచెం వంచి చూసింది. అది కావాలని చేయలేదు, దాని చేయి అలా తిరిగింది. నాగమ్మ కనిపెట్టింది.

"చూడకు వనజమ్మా, తాగు. అవి నీ నీళ్లు గావు. రోడ్డు మీది బోరింగుకాడ్నుంచి కోడలు పొద్దుగాల మోస్కొచ్చింది."

ఆ మాటలో కోపం లేదు. నిజంగానే భయం తీర్చడానికి అన్నట్టు అంది. నేను గ్లాసు ఎత్తి చివరి బొట్టు దాకా తాగాను. ఆ పిల్ల ఎండలో అంత దూరం మోసిన నీళ్లు. ఇంతవరకు నేను తిన్న ప్రసాదాలలో దేనికీ అంత బరువు లేదు. వనజ మాత్రం గ్లాసు పట్టుకుని అలాగే ఉంది.

"తాగమ్మా" అన్నాడు పక్కనున్న పెద్దాయన. "నువ్వు తాగకపోతే మేం మాట మొదలువెట్టలేం."

తాగింది. తాగి, గ్లాసు కింద పెట్టి, ఏడ్చింది.

"ఏడ్పెందుకు, తప్పెవరిదని అడుగుతలేం" అన్నాడు ఆయన. "వానెప్పుడొస్తదో చెప్పు. ఇసుక కడుక్కపోవాలంటే వాగు రావాలె. గంతదాక పిల్లలు, గొడ్లు ఏం తాగాలె?"

"గొడ్లకు గడ్డి కూడ లేకుండ జేసిండ్రు, ఇగ నీళ్లు కూడ లేవు" అని వెనక నుంచి ఎవరో ఆడమనిషి ఎత్తిపొడిచింది.

నాగమ్మ తన అరచేతులు చూసుకుంటూ అంది. "ఆమెనొక్కదాన్ని అంటరేంది. కడిగింది నేను గద. నీళ్లు తెల్లగయ్యేదాక నా చేతుల్తోటే కడిగిన. తెల్లగైనయని మురిసిన. గా నల్లటివి మా చెలమలకే వస్తయని నాకెర్కనా."

వనజ కొంగుతో మొహం తుడుచుకుంది. "రేపటి సంది పొయ్యి ముట్టియ్య నాగమ్మా. మా బోరు నీళ్లు క్యాన్లల్ల పోసి ట్రాలీ ఆటోల పొద్దున, సాయంత్రం తెస్త. వాగొచ్చేదాక తెస్త."

"తే. తేకపోతే ఊకోం" అన్నాడు పెద్దాయన.

నాగమ్మ మాత్రం అంది. "పొయ్యి ముట్టియ్యకపోతే మాకు కూలెట్ల?"

"సున్నంతోటి చేద్దాం. నిమ్మలంగ."

"సున్నంది ఎవరు కొంటున్నరు? గోనెసంచి లెక్కున్నదంటిరి."

ఇద్దరం లేచి వచ్చేశాం. వాగు దాటుతుండగా వనజ ఒక్కసారే మాట్లాడింది. "చెట్టు కొట్టకుండ చేస్తున్ననని ఎంత గొప్ప చెప్పుకున్ననే అక్కా."

ఆ సాయంత్రం పొయ్యిలో కట్టెలు బయటికి లాగి నీళ్లు చల్లింది. డ్రమ్ములో సగం ఉడికిన గడ్డి చల్లారుతూ రాత్రంతా వాసన కొట్టింది. కార్డులాయనకు ఫోన్ చేసి ఇవ్వలేనని చెప్పింది. ఆయన ఏదో అన్నాడు, వనజ విని పెట్టేసింది. దీపం ముందు కూర్చుని ఆ రోజు మేలు చేసినవాళ్లను తలుచుకోబోతే నాగమ్మ కోడలు ఒక్కతే గుర్తొచ్చింది.

మర్నాడు తొలి ట్రాలీలో నేనూ వెళ్లాను. ఒక క్యాను మూత సరిగ్గా బిగించలేదు, దారి పొడవునా నా చీర తడిసింది. గూడెంలో బిందెలు వరసగా పెట్టి ఉన్నాయి. ఎవరూ మమ్మల్ని పలకరించలేదు. నింపుకుని వెళ్లిపోయారు. నాగమ్మ మాత్రం వచ్చి క్యాను దించడానికి చేయి వేసింది.

భద్రాచలం

పాల్వంచ దాటాక అడవి దారి. నీలగిరి దుంగల లారీలు వరసగా మా బస్సుకు ముందు పోతున్నాయి. కాగితం మిల్లుకే. అంతకుముందైతే వాటిని చూసి, మా చెల్లెలు నయం అనుకునేదాన్ని. ఈసారి తల తిప్పుకున్నాను. ఏ తెల్లదనం వెనక ఎవరి వాగు ఉందో నాకు తెలియదు.

గోదావరి సన్నబడి ఉంది. కళ్యాణం రద్దీ తగ్గింది. కాళ్లు కాలుతుంటే మెట్లు దిగి నీళ్లలో నిలబడ్డాను. గట్టు మీద బడ్డీకొట్టులో టీ అడిగితే పాల టీ పది రూపాయలు, డికాక్షన్ ఏడు అన్నాడు. డికాక్షనే ఇమ్మన్నాను. గ్లాసులో ఆ డికాక్షన్ రంగు చూశాక తాగబుద్ధి కాలేదు. డబ్బులిచ్చి అక్కడే పెట్టేశాను. "ఏందమ్మా, ఈగ వడ్డదా?" అని ఆయన నొచ్చుకున్నాడు. లేదు నాయనా, నీ టీ మంచిదే అన్నాను.

మండపం నీడలో కూర్చుని సంచిలోంచి వనజ ఇచ్చిన కాగితాలు తీశాను. పసుపుపచ్చవి, సున్నంతో చేసినవి. వద్దనుకున్నాను. కొన్న పుస్తకంలోనే చివరి పేజీలు నింపి ఇచ్చేద్దామనుకున్నాను. కానీ ఆ కొన్న పుస్తకం మాత్రం ఎక్కడి నుంచి వచ్చింది. మంచి అనుకుని మొదలుపెట్టినది చెడితే, దాన్ని దాచిపెట్టి మంచిదే స్వామికి చూపిస్తే ఆయనకు తెలియకుండా ఉంటుందా. పెన్ను తీసి రాశాను. సిరా కొంచెం పాకింది. కణుపు మచ్చలు అడ్డొచ్చిన చోట చేయి ఆగింది. అలా ఆగినప్పుడల్లా ఆ గ్లాసెడు నీళ్లు గుర్తొచ్చాయి. పుస్తకం చివర సూది దారంతో కుట్టాను.

పుస్తకాలు తీసుకునే ఆయన తిరగేసి, చివరి కాగితాల దగ్గర వేలు ఆపాడు.

"ఇదేం కాగితం తల్లీ?"

"వరిగడ్డిది స్వామీ."

"చెట్లు కొట్టకుండానా. మంచి పని."

పుస్తకం ఆయనకే వదిలి దండం పెట్టుకున్నాను. ఆయన కుంకుమ ఇచ్చాడు. గుళ్లో స్వామి ముందు నిలబడి ఏమీ కోరుకోలేదు. వాన త్వరగా పంపమని మాత్రం అడిగాను, అది మాకోసం కాదు.

ఇంటికి వచ్చాక

తిరుగు దారిలో వనజ దగ్గర ఆగలేదు. ఆగితే నీళ్ల పని మానుకుని నాకు వంట చేస్తుందని.

వేసవి నెమ్మదిగా గడిచింది. వనజ పొద్దున, సాయంత్రం క్యాన్లు మోస్తూనే ఉంది. షెడ్డు తెరవలేదు. గాలిదుమారానికి వాము మీది టార్పాలిన్ చినిగి, లోపలి గడ్డి తడిసి నల్లబడిందని ఫోను చేసి చెప్పింది. నల్లబడిన గడ్డి కాగితానికి పనికిరాదు, గొడ్డూ ముట్టదు. నాగమ్మ, ఆమె కోడలు మిరప తోటల్లో కూలికి పోతున్నారట.

తొలకరి పడిన మూడో రోజు ఫోన్ చేసింది.

"వాగొచ్చింది అక్కా. పొంగి పారుతుంది. నాగమ్మ మనిషిని పంపింది, రేపటి సంది నీళ్లు తేవద్దని."

"మంచి మాట చెప్పినవే. దేవుడు చల్లగ చూసిండు" అన్నాను.

అవతల నుంచి వాన చప్పుడు వినిపించింది. వనజ అంది. "ఆ మనిషొచ్చేసరికే క్యాన్లు నింపిన."

"మరేం చేసినవ్?"

"పారబొయ్య మనసొప్పలే. కుండల పోసి షెడ్డు ముందట పెట్టిన. గ్లాసు బోర్లించిన. ఎవరన్న వస్తె తాగుతరని."